సుంకం పోతుందని ఆగమన్నాను

మా అన్నకు వరంగల్ కొత్తవాడలో రెండు మగ్గాలుండేవి. రెండూ నేల మీద పరిచే జంపఖానాలవే. పడుగు బిగించిన మగ్గం ముందు ఆయన ఒక చివర, వదినె ఇంకో చివర కూర్చునేవాళ్లు. రంగుదారాన్ని పడుగులోకి దూర్చి, దువ్వెన లాంటి ఇనుప పంజాతో కొట్టి కొట్టి కూర్చుకుంటూ వస్తే, వెడల్పు జంపఖానా మధ్యలో ఇద్దరి చేతులూ కలిసేవి. ఒక్క మనిషితో అయ్యే పని కాదది. ఆయన చెల్లెలిని నేను, ఆ పంజా చప్పుడులోనే పెరిగాను. ఎంకాం చదివి, హనుమకొండలో ఒక కాలేజీలో కామర్స్ చెప్పే ఉద్యోగంలో చేరి, అక్కడే సుబేదారిలో ఇల్లు తీసుకొని మారిపోయాను. మగ్గం మీద కూర్చోవడం నాకు రాదు. మా ఇంట్లో నేను చేసే చేనేత పని ఒక్కటే, ఇంగ్లీషులో మెయిళ్లు రాయడం.

ఆ మెయిళ్లు ఇంగ్లండులో ఉండే ఒకామెకు. సముద్రం పక్కన ఏదో చిన్న ఊళ్లో ఆమెకు దుకాణం ఉంది. చాలా ఏళ్ల కింద హైదరాబాదులో ఏదో ప్రదర్శనలో మా అన్న నేసిన జంపఖానా చూసి, చిరునామా పట్టుకొని రైలెక్కి వరంగల్ వచ్చింది. స్టేషన్ నుంచి ఆటోలో కొత్తవాడ దాకా వచ్చి, మగ్గం పక్కన నేల మీద కూర్చొని, వదినె ఇచ్చిన చాయ్ తాగి, మధ్యాహ్నం దాకా కదల్లేదు. వదినెకు ఇంగ్లీషు రాదు, ఆమెకు తెలుగు రాదు. అయినా ఇద్దరూ రంగులు చూపించుకుంటూ, తలలూపుకుంటూ పొద్దు గడిపారు. ఆ రోజు నుంచి వదినె ఆమెను ఇంగ్లండక్క అనేది. మేమందరం అదే పేరు పట్టుకున్నాం.

ఇంగ్లండక్క మంచి బేరం. ఏడాదికి రెండుసార్లు ఆర్డర్ పంపేది. ఏ రంగు పక్కన ఏ రంగు రావాలో కాగితం మీద గీసి, ఫొటో తీసి పెట్టేది. నీలం కొంచెం తేడా వస్తే గుర్తుపట్టేది, కానీ వాపసు పంపేది కాదు. "ఈసారి నీలం మబ్బు పట్టినట్టుంది, ఇదీ బాగుంది" అని రాసేది. నేను తెలుగులో చెప్తే అన్న నవ్వేవాడు.

ఆమె దేశం యూరప్ కూటమి నుంచి బయటికి వచ్చేస్తుందని వార్తలు వచ్చినప్పుడు నేను క్లాసులో దాని గురించి పాఠం చెప్పాను. బోర్డు మీద రెండు గుండ్రాలు గీసి, ఒకదాంట్లోంచి బాణం బయటికి తీశాను. కూటమిలో ఉంటే ఏం లాభం, బయటికొస్తే ఏం స్వేచ్ఛ, పరీక్షలో ఎన్ని మార్కులకు వస్తుంది, అన్నీ చెప్పాను. మా అన్న మగ్గానికి, నేను గీసిన ఆ బాణానికి సంబంధం ఉంటుందని నాకు ఒక్క నిమిషం కూడా తట్టలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడని సంగతి. నా పనే అది కదా, సంబంధం చెప్పడం.

కొన్నేళ్ల తర్వాత, కరోనా ఇంకా పూర్తిగా పోని రోజుల్లో, ఇంగ్లండక్క నుంచి ఒక ఫొటో వచ్చింది. దుకాణం గుమ్మంలో ఒక అట్టపెట్టె. దాని మీద రకరకాల స్టిక్కర్లు, ముద్రలు, ఒకదాని మీద ఒకటి. ఫోన్ తీసుకొని కొత్తవాడకు పోయి అన్నకు చూపించాను.

"ఏందే ఇది?" అన్నాడు.

"నీ జంపఖానానే అన్నా. బెల్జియంల ఎవరో కొనుక్కున్నరట. అక్కడిదాంక పోయి వాపసు వచ్చింది."

"సినిగిందా?"

"లేదు. అసలు ఇప్పనే లేదట. సుంకం కట్టి తీసుకోమంటే, నేను ముందే పైసలు కట్టిన, మల్ల ఎందుకు కడుత అని వద్దన్నడట."

అన్న ఫోన్ దగ్గరికి పెట్టుకొని చాలాసేపు ఆ పెట్టెను చూశాడు. "వాళ్లూ వాళ్లూ వేరు పడ్డరు. నడుమ మన సామాను ఎందుకు తిరిగిరావాలె?" అన్నాడు.

నేను చెప్పాను. ఇదివరకు మన సరుకు ఇంగ్లండులో దిగేటప్పుడు ఒక్కసారి సుంకం కడితే, అక్కడి నుంచి ఫ్రాన్స్‌కు పోయినా జర్మనీకి పోయినా ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఇప్పుడు ఇంగ్లండులో ఒకసారి, యూరప్‌లోకి పోయేటప్పుడు ఇంకోసారి. వాళ్లిద్దరి మధ్య సుంకాలు లేవని ఒప్పందమైతే ఉంది, కానీ అది ఇంగ్లండులో తయారైన సామానుకు. వరంగల్‌లో తయారై ఇంగ్లండు మీదుగా పోయేదానికి కాదు.

వదినె పంజా పక్కన పెట్టి అంతా విన్నది. "అంటే ఒక గేటున్న కాడ రెండు గేట్లయినయి" అన్నది.

నేను క్లాసులో గంట సేపు చెప్పిన పాఠం అంతే.

ఇంగ్లండక్క అమ్మకాల్లో సగానికి పైగా యూరప్ వాళ్లవేనని మాకు అప్పుడే తెలిసింది. సుంకం కట్టకుండా గోదాములో సరుకు పెట్టుకొని అటు నుంచి అటే పంపే పద్ధతి ఏదో ఉందట, కానీ అది పెద్ద పెద్ద కంపెనీలు చేసే పని అని రాసింది. ఇంకో దారి చూద్దామన్నది. యూరప్ నుంచి వచ్చే ఆర్డర్లను తను తీసుకొని మాకు చెప్తుంది, మేం వరంగల్ నుంచి నేరుగా వాళ్లకు పంపాలి. ఆ ప్రయత్నం నా మీద పడింది. పోస్టాఫీసులో విదేశీ పార్సిళ్ల కౌంటర్ దగ్గర నిలబడి, జంపఖానాకు ఏ కోడ్ వేయాలో, కార్పెట్ అని రాయాలా నేత బట్ట అని రాయాలా అని ఆ ఉద్యోగి, నేను కలిసి ఒక పూట వెతికాం. పాపం ఆయనా విసుక్కోలేదు. జర్మనీకి పంపిన మొదటి జంపఖానా చేరింది. తీసుకున్నావిడ, చాలా అందంగా ఉంది కానీ అది ఇంటికి రావడానికి తను నింపాల్సి వచ్చిన ఫారాలు చూస్తే మళ్లీ తెప్పించుకునే ధైర్యం లేదు అని మర్యాదగా రాసింది. ఆ మెయిల్ అన్నకు చదివి వినిపిస్తూ "చాలా అందంగా ఉంది" దగ్గర ఆపేశాను. మిగతాది వారం తర్వాత చెప్పాను.

ఏడాదికి రెండు ఆర్డర్లు ఒకటయ్యాయి. ఆ ఒకటీ సగమైంది. ఒక మగ్గం మీద పడుగు బిగించడం మానేశారు. దాని మీద వదినె ఉతికిన బట్టలు ఆరేసేది.

అన్నకు యాభై దాటాయి. కొత్తవాడలో మా చిన్నప్పుడు ఏ గల్లీలోకి పోయినా పంజా చప్పుడే. ఇప్పుడు మధ్యాహ్నం పూట నడిస్తే టీవీల చప్పుడు వినిపిస్తుంది. ఆయన ఈడువాళ్లు ఒక్కొక్కరు బట్టల షోరూముల్లో, మెడికల్ ఏజెన్సీల్లో పనికి కుదిరారు. అన్నకు కూడా ఒక ప్రైవేట్ దవాఖానలో స్టోర్ రూం చూసుకునే పని దొరికింది. మందుల పెట్టెలు దించుకోవడం, లెక్క చూసి అల్మారాల్లో పెట్టడం. నీడపట్టున చేసే పని. వచ్చే సోమవారం నుంచి రమ్మన్నారు.

సరిగ్గా ఆ వారంలోనే మన దేశానికి, బ్రిటన్‌కు స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయని వార్త వచ్చింది.

కూటమి నుంచి బయటికొచ్చారు కాబట్టి వాళ్లు ఎవరితోనైనా విడిగా ఒప్పందం చేసుకోవచ్చు, మనతో చేసుకున్నారు. ఏ చానల్ పెట్టినా బట్టలు, తోలు, రొయ్యలు. సుంకం సున్నా అని పెద్ద అక్షరాలు. నాకు నిజంగా సంతోషమైంది. ఇన్నేళ్లు నేను చెప్పిన చదువు ఒక్కసారైనా మా ఇంటికి పనికొచ్చే రోజు వచ్చిందనిపించింది. కాలేజీ అయిపోగానే ఆటో పట్టుకొని కొత్తవాడకు పోయాను. వాన పడుతోంది. అన్న గుమ్మంలో కూర్చొని పాత పంజాను నూనె గుడ్డతో తుడుస్తున్నాడు, దాచిపెట్టడానికి.

"అన్నా, దవాఖాన పనికి పోకు" అన్నాను.

"ఎందుకే?"

"జంపఖానాల మీద సుంకం పోతాంది. ఇంగ్లండుల మన ధర తగ్గుతది. ఇంగ్లండక్క అక్కడనే ఎక్కువ అమ్ముకోవచ్చు. వేరే దుకాణాలు గూడ అడుగుతయి. జర ఒక ఆరు నెలలు ఆగు."

ఆయన వదినె వైపు చూశాడు. వదినె తలెత్తకుండా బియ్యం ఏరుతూనే ఉంది.

"నిజంగ పోతదంటవా?"

"సంతకాలయినయి అన్నా. ప్రధానమంత్రులు ఇద్దరూ ఉన్నరు."

"నాకేం తెలుస్తది. సదువుకున్నదానివి నువ్వు. నువ్వు ఆగుమంటే ఆగుత" అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు నాకు గర్వంగా అనిపించింది. ఇప్పుడు తలచుకుంటే చెవులు వేడెక్కుతాయి. సోమవారం ఆయన దవాఖానకు పోలేదు. ఆ పని పక్క గల్లీ మనిషికి దొరికింది.

రెండు వారాల తర్వాత మా కాలేజీలో ఆ ఒప్పందం మీద నన్ను మాట్లాడమన్నారు. నేను అన్న నేసిన జంపఖానా ఒకటి తీసుకుపోయి బల్ల మీద పరిచాను. అన్నను కూడా రమ్మని బతిమాలి వెనక వరసలో కూర్చోబెట్టాను. తెల్ల చొక్కా వేసుకొని వచ్చాడు. సుంకం అంటే ఏమిటో, అది పోతే ఏమవుతుందో, మన వరంగల్ జంపఖానాకు ఎలా దారి తెరుచుకుంటుందో అరగంట మాట్లాడాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. చివర్లో ఒకమ్మాయి లేచి, "మేడం, సుంకం పోతే ఆ మిగిలే పైసలు ఎవరికి వస్తయి? నేసేటోళ్లకు ఎంత వస్తయి?" అని అడిగింది.

అది కొనేవాళ్ల మీద, అమ్మేవాళ్ల మీద, గిరాకీ మీద ఆధారపడి ఉంటుందని చెప్పాను. తప్పు కాదు, పరీక్షలో అలాగే రాస్తారు. కానీ నేను మాట్లాడుతుంటే అన్న కళ్లు దించుకొని తన చేతులు చూసుకుంటున్నాడు. ఇంటికి పోయేటప్పుడు, "ఆ పోరి మంచిగ అడిగింది" అన్నాడు.

తర్వాత ఎదురుచూపులు మొదలయ్యాయి. సంతకాలు కాగానే సుంకం పోదు. వాళ్ల పార్లమెంటు చూడాలి, మన దగ్గర ఉత్తర్వులు రావాలి, అప్పటిదాకా పాత సుంకమే. ఈ సంగతి నాకు తెలియక కాదు. ఏళ్ల తరబడి క్లాసులో చెప్పిందే. కానీ ఆ వాన రోజు గుమ్మంలో నిలబడినప్పుడు ఆ ముక్క ఎందుకు నోట్లోంచి రాలేదో నేను ఎంత ఆలోచించినా తెలియదు. సంతోషంలో మనిషికి తను చదివింది కూడా గుర్తుండదేమో.

అన్న, వదినె మాత్రం నా మాట మీద నేస్తూ పోయారు. సుంకం పోయిన రోజున సరుకు చేతిలో ఉండాలని. ఆర్డర్ లేకుండా నేసిన జంపఖానాలు చుట్టలు చుట్టి, ఎలుకలు కొట్టకుండా అటక మీద నిలబెట్టారు. అటక నిండితే మంచం కింద పెట్టారు. నేను పోయినప్పుడల్లా వదినె కొత్తగా నేసినదాన్ని విప్పి చూపించేది. "ఇంగ్లండక్కకు ఈ ఎరుపు నచ్చుతది" అనేది. ఎప్పుడు పోతదట అని అడిగేది కాదు. అడిగితే బాగుండేది.

అంతలో ఇంగ్లండక్క ఒక కాగితం పంపింది. అక్కడ సరుకు దింపే ఏజెంటు అడిగిన వివరాలు. సుంకం లేకుండా రావాలంటే వస్తువు ఈ దేశంలోనే పుట్టిందని చూపించాలి కాబట్టి, నూలు ఎక్కడ వడికారు, ఎక్కడ రంగు వేశారు, ఎక్కడ నేశారు, రుజువులతో సిద్ధంగా పెట్టుకోమన్నాడు. రంగు వేసింది మా వాకిట్లో, నేసింది మా ఇంట్లో. నూలు సంగతే తెలియదు. అన్నను వెంటబెట్టుకొని నూలు డిపోకు పోయాను.

అక్కడి మనిషి అన్నకు చిన్నప్పటి నుంచి తెలుసు. "ఏ మిల్లు నూలో నన్నడిగితే ఎట్ల? బేలు మీద గోనెకు రాసుంటది. గోనె ఇప్పి పారేస్తం" అన్నాడు. మా మొహాలు చూసి నవ్వాడు కూడా. "నీ నూలు ఇండియాది గాక ఏ దేశానిది అన్నా? చుట్టూ అంత పత్తే గద."

నిజమే. తొర్రూరు దిక్కు పోయినా పరకాల దిక్కు పోయినా రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేన్లే. కానీ కళ్లకు కనిపించేది వేరు, కాగితం మీద చూపించేది వేరు. ఇకమీదట గోనెలు దాచిపెట్టమని చెప్పి వచ్చాం. అప్పటికే నేసిన జంపఖానాల నూలుకు గోనె లేదు.

ఆ తర్వాత ఎగుమతుల సంగతి చూసే ఒక ఆఫీసుకు పోయాను. అధికారి నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు తెప్పించాడు. ఒప్పందం ఇంకా అమల్లోకి రాలేదు మేడం, వచ్చినాక సర్క్యులర్ వస్తుంది, అప్పుడు రండి అన్నాడు. ఎప్పుడొస్తుందని అడిగితే, "మీరే కామర్స్ మేడం గద, మీకే ఎక్కువ తెలుస్తది" అన్నాడు. వెటకారం కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కోపం చేసుకుందామంటే ఎదురుగా కోప్పడదగిన మనిషి ఒక్కడూ దొరకడు. పోస్టాఫీసాయన మంచివాడు, డిపో మనిషి మంచివాడు, ఈయనా మంచివాడే. ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేస్తున్నారు. మా అటక మీద జంపఖానాలు అలాగే ఉన్నాయి.

ఎండలు ముదిరే రోజుల్లో ఇంగ్లండక్క నుంచి పెద్ద మెయిల్ వచ్చింది. దుకాణం మూసేస్తున్నానని రాసింది. వయసు మీద పడింది, మోకాళ్లు పోయాయి, అది ఒకటి. కానీ అసలు కారణం దాచలేదు. యూరప్ గిరాకీలు పోయాక ఆ చిన్న ఊరి మీద బతకడం ఆమెవల్ల కాలేదు. మీ దేశంతో ఒప్పందం మంచిదే, కానీ అది నా ముందు తలుపుకు. నాకు మూసుకుపోయింది యూరప్ వైపు వెనక తలుపు, అని రాసింది. చివర్లో వదినెకు ప్రత్యేకంగా రెండు వాక్యాలు. ఆ రోజు మీ ఇంట్లో తాగిన చాయ్ లాంటిది మళ్లీ తాగలేదని.

ఆ మెయిల్ నేను ఫోన్లో చెప్పలేదు. పోయి, మగ్గం పక్కన కూర్చొని మొత్తం చదివాను. ఈసారి ఎక్కడా ఆపలేదు. వదినె కొంగుతో మొహం తుడుచుకొని, "పాపం ఒక్కతే ఉంటదట గద. మోకాళ్లకు ఏమన్న నూనె పంపియ్యొచ్చా?" అని అడిగింది. అన్న లేచి బయటికి పోయాడు. చాలాసేపటికి గానీ రాలేదు.

ఆ వేసవిలోనే వదినె బట్టలు కుట్టే కంపెనీలో చేరింది. ఊరి బయట, పిల్లల బట్టలు కుట్టి విదేశాలకు పంపే కంపెనీ. పొద్దున్నే బస్సు వచ్చి తీసుకుపోతుంది. ఒక ఆదివారం నేను పోయినప్పుడు, "మా కాడ మీటింగ్ పెట్టిండ్రు. ఇంగ్లండుకు సుంకం పోతాందట, ఆర్డర్లు పెరుగుతయట, ఇంకో లైను పెడుతరట" అన్నది. నేను ఆశ్చర్యపోయాను. అంటే నేను చెప్పింది అబద్ధం కాదు. ఆ లాభం వచ్చే చోటికి వస్తోంది. గోనెలు జాగ్రత్త పెట్టే మనుషులు, కాగితాలు నింపే మనుషులు, ఆరు నెలలేమిటి రెండేళ్లయినా ఆగగలిగే పెట్టుబడి ఉన్న చోటికి. అక్కడ మిషన్ ముందు నిలబడే కుట్టాలి, సాయంత్రానికి వదినె కాళ్లు వాస్తాయి. నెల తిరిగేసరికి జీతం వస్తుంది.

వదినె పోవడంతో వెడల్పు జంపఖానాలు ఆగిపోయాయి. ఎదురు చివర కూర్చునే మనిషి లేదు. అన్న ఒక్కడే నేయగలిగిన సన్నపువి నేస్తున్నాడు. బక్రీద్ ముందు మండిబజార్ నుంచి ఒక పెద్దాయన వచ్చి నమాజు చదువుకునే జానిమాజులు కొన్ని చెప్పి పోయాడు. చేతితో నేసినవే కావాలని, నూలు ఏ దేశానిదని అడగకుండా, నూలును వేళ్ల మధ్య నలిపి చూసుకొని. అటక మీది వాటిలో నాలుగైదు పెళ్లిళ్లకు కానుకలుగా మా కాలేజీవాళ్లే కొన్నారు. మిగతావి ఉన్నాయి.

ఒక రోజు అన్న ఒక్కడే ఉన్నప్పుడు అడిగేశాను. "నేను ఆగుమనకపోతే నువ్వు దవాఖానల ఉండేటోనివి. నా మీద కోపమున్నదా?"

ఆయన దారం తెంపి ముడి వేసి, పంజా పక్కన పెట్టాడు.

"కోపమేం లేదు. నువ్వు మంచికే చెప్పినవ్. కని ఆ రోజు ఇంకో ముక్క చెప్తే మంచిగుండు. పోతది గని ఎప్పుడు పోతదో నాకు తెల్వదని. అది చెప్తే నేనే ఆలోచన చేసుకుందు."

నేను కింద పడ్డ దారం ముక్కలు ఏరుతూ కూర్చున్నాను. టీవీలో యూరప్‌తో కూడా ఒప్పందం అయిపోతుందని, బట్టల మీద సుంకం పోతుందని ఎవరో చెప్తున్నారు. అన్న తల తిప్పి నా వైపు చూశాడు.

"ఇదెప్పుడట?" అన్నాడు.

"నాకు తెల్వదన్నా" అన్నాను.

ఆయన తల ఊపి, జానిమాజు అంచు మీదికి వంగాడు.